నాయన తినవలసిన పై

పోయిన నెల మా పుస్తకాల అలమరకు చెదలు పట్టాయి. అనంతపురంలో తాగడానికి నీళ్లు లేని ఏడాది కూడా చెదలకు మాత్రం ఎక్కడో ఒకచోట తేమ దొరుకుతుంది. కింది అరలో నాయన వాడిన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఉండేది. అట్ట తెరిస్తే 'ఎ' నుంచి 'హెచ్' చివరిదాకా మట్టే. 'హంబుల్' అనే మాట, దానికి ఎదురుగా ఉన్న వినయము, నమ్రత అన్నీ చెదల పొట్టలోకి పోయాయి. 'పి' భాగాన్ని మాత్రం ఎందుకో అవి ముట్టుకోలేదు. 'పై' ఉన్న పేజీ మూల మడిచి ఉంది. ఆ మూల మీద అరటిపండు మరక కూడా అట్లాగే ఉంది. నేను దుమ్ములో కూర్చుని నవ్వుతుంటే, ఇల్లు ఊడ్చే సుబ్బమ్మ చీపురు ఆపి, పుస్తకాలు పాడైపోతే ఏడవాల్సింది పోయి నవ్వుతావేమని అడిగింది. ఆమెకు చెప్పబోయిన సంగతే ఇది. ఆమెకు ఇంకా రెండిళ్ల పని ఉండటంతో సగంలోనే వెళ్లిపోయింది.

మా స్టేషను పేరు చెప్పను. ఆ ఊళ్లో మావాళ్లు ఇంకా ఉన్నారు, ఈ సంగతి మరిచిపోయినట్టు మర్యాదగా నటిస్తున్నారు. గుంతకల్లుకు అవతల, మూడు దిక్కులకు రైళ్లు చీలే చిన్న జంక్షను అనుకుంటే చాలు. నాయన అక్కడ పార్సిలు క్లార్కు. రెండు గదుల క్వార్టర్సు, వెనక రేకుల వంటిల్లు. ఇంట్లో నాయన, అమ్మ, నాయన తల్లి జేజి, నేను. నాకప్పుడు పదేళ్లు. వానలు మొహం చాటేసిన ఏళ్లవి. బావి అడుగంటితే బిందెలు తీసుకుని ఆగిన ఇంజను దగ్గరికి పోయేవాళ్లం, డ్రైవరును బతిమాలితే వేడినీళ్లు వదిలేవాడు. ఆ నీళ్లతో స్నానం చేస్తే ఒంటికి బొగ్గూ నూనే కలిసిన వాసన పట్టేది. అమ్మ నా తల దువ్వుతున్నంతసేపూ జుట్టులోంచి రైలు వాసన వచ్చేది. జేజి ఆ నీళ్లు ముట్టేది కాదు. మాంసం తినే డ్రైవరు చెయ్యి తగిలిన నీళ్లని ఆమె అభ్యంతరం. బావిలో ఊరిన నాలుగు చెంబులూ ఆమెకే. మాది మాంసం ముట్టని ఇల్లు. ఆ మాట పలికినా జేజి నోరు పుక్కిలించి రమ్మనేది. పుక్కిలించడానికి నీళ్లెక్కడివని మేం ఆ మాటే మానేశాం.

నాయనకు ఇంగ్లీషంటే ప్రాణం. అదంతా రూల్సు పుస్తకాల్లోంచీ అర్జీల్లోంచీ వచ్చిన ఇంగ్లీషు. 'ఐ బెగ్ టు స్టేట్' అని మొదలుపెడితే 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' దాకా ఊపిరి తీసుకోకుండా పోయేవాడు. ఊళ్లో ఎవరికి తంతి వచ్చినా, కోర్టు కాగితం వచ్చినా మా వసారాలోకే వచ్చేవాళ్లు. నాయన లోపలికి పోయి నల్ల కోటు తొడుక్కుని వచ్చి అప్పుడు చదివేవాడు. కోటు లేకుండా ఇంగ్లీషు చదవడం నేనెప్పుడూ చూడలేదు. ఎండాకాలంలో ఎవరికైనా పొడుగాటి కాగితం వస్తే అమ్మ వెనక నిలబడి విసనకర్రతో విసిరేది. తనకు తెలియని ఇంగ్లీషు మాట ఉందని నాయన ఒప్పుకున్న రోజు లేదు.

ఆ రోజుల్లోనే ఒక నాటకసమాజం వాళ్ల హార్మోనియం మాయమైంది. చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టి పంపిన పార్సిలు. వచ్చినట్టు పుస్తకంలో నాయన రాసుకున్నాడు. వాళ్లు తీసుకోవడానికి వస్తే ఆఫీసులో కనబడలేదు. పాపం ఆ రాత్రి నాటకం హార్మోనియం లేకుండానే ఆడారు, కృష్ణుడు ఒక శ్రుతిలో అర్జునుడు ఒక శ్రుతిలో పాడారని ఊరంతా చెప్పుకున్నారు. నాయన తెల్లవార్లూ ఆలోచించి ఒక సిద్ధాంతం తయారుచేశాడు. హార్మోనియం పాడేవాడికే పనికొస్తుంది. హమాలీల్లో పాడేవాడు యేసోబు ఒక్కడే. ఆదివారం ప్రార్థన మందిరంలో పాట ఎత్తేది అతనే. ఇంతకు మించి రుజువు లేదు, నాయనకు ఇంతకు మించి అవసరమూ కనిపించలేదు. పొద్దుటి బండి ఆగి ఉండగా ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ యేసోబును దొంగ అన్నాడు. సాయంత్రానికి యేసోబు చేతికున్న ఇత్తడి బిళ్ల తీసేసుకున్నారు. బిళ్ల లేని హమాలీ స్టేషనులో చిన్న సంచి కూడా ఎత్తకూడదు.

నెల గడిచాక దొర తనిఖీకి వచ్చాడు. అతను ఆంగ్లో ఇండియన్ ఆఫీసరు. దొరలందరూ ఓడలెక్కి పోయినా మా ఊళ్లో ఆ పిలుపు మిగిలింది, అది ఇతనికి దక్కింది. అతన్ని చూసి నాయన ఠక్కున లేచి నిలబడ్డాడు. బల్ల కింద ఏదో మూలిగింది. నెల రోజులుగా అది అట్లా మూలుగుతూనే ఉందట, నాయన పందికొక్కు అనుకుని కాలితో తన్నేవాడట. దొర వంగి చూశాడు. నాయన పాదాలు ఆనించుకునే చెక్కపెట్టెకు గోడవైపు చీటీ అంటించి ఉంది. దాని మీద నాటకసమాజం పేరు నాయన దస్తూరీతోనే ఉంది. నడుం నొప్పికి కాళ్లు ఎత్తున పెట్టుకోమని డాక్టరు చెబితే, వచ్చిన పార్సిళ్లలో సరిపడా ఎత్తున్నదాన్ని నాయనే కాళ్ల కిందికి లాక్కున్నాడు.

మర్నాడు దొర దిగిన రైల్వే బంగళా నుంచి కాగితం వచ్చింది. ఆదివారం పదకొండింటికి రమ్మని ఒక వాక్యం. 'యూ విల్ హావ్ టు ఈట్ హంబుల్ పై' అని ఇంకొకటి. లేకపోతే కథ పైవాళ్ల దాకా పోతుందని మూడోది. నాయన కోటు వేసుకుని మూడుసార్లు చదివాడు. మొదటిదీ మూడోదీ అర్థమయ్యాయి. రెండోదానిలో తినాలన్న ముక్కా, తాను అర్జీల్లో రోజూ రాసే హంబుల్ అన్న ముక్కా అర్థమయ్యాయి, పై దగ్గర ఆగిపోయాడు. ఎవరినైనా అడగొచ్చు గదా అంటే, ఊళ్లో ఇంగ్లీషు తెలియనివాళ్లు అడిగేది ఆయన్నే. ఆయన ఎవరిని అడగాలి? స్టేషను మాస్టరును అడిగితే ఒక్క పూటలో లైను పొడుగునా తెలిసిపోతుంది. అప్పుడు నిఘంటువు తీశాడు. 'పై'కి ఎదురుగా మూడు అర్థాలున్నాయి. మాంసముగాని పండ్లుగాని కూరి కాల్చిన పిండివంట ఒకటి, అణాలో పన్నెండవ వంతు నాణెము రెండు, కాకిజాతి పక్షి మూడు.

ఆ తర్వాత నేను ఇంగ్లీషే చదివి, ఇంగ్లీషే బోధించి బతికాను కాబట్టి ఇప్పుడు ఆలోచిస్తాను. అవమానం దగ్గర మనకు మాటలకేం కరువు లేదు. పరువు పోతుంది, తల వంగుతుంది, ముఖం చెల్లదు, నలుగురిలో నగుబాటు అవుతుంది, మా సీమలో అయితే ఇజ్జతూ పోతుంది, నామోషీ కూడా వస్తుంది. తినే మాటలూ ఉన్నాయి. చీవాట్లు తింటాం, దెబ్బలు తింటాం, గడ్డి తింటాం. నాయన జీవితంలో చీవాట్లు బాగానే తిన్నాడు, ఒక్కసారైనా వాటిని పళ్లెంలో పెట్టి వడ్డిస్తారని అనుకోలేదు. ఇంగ్లీషులో ఉండేసరికి మాత్రం ప్రతి మాటా ఉన్నదున్నట్టే ఉంటుందని ఆయన నమ్మకం. కాలేజీలో చేరాక చదివాను, ఒకప్పుడు ఆ దేశంలో జింక పేగులూ కాలేయమూ కూరి పనివాళ్లకు పెట్టే వంటకానికి దగ్గరి పేరే ఉండేదట, అందులోంచే ఈ మాట పుట్టిందట. అంటే మా ఇంట్లో పుట్టిన భయం పూర్తిగా తప్పు కాదు.

ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో వంట సరిగా సాగలేదు. అమ్మ మూడో అర్థం విని కాకినా అని అడిగి మంచం మీద కూర్చుండిపోయింది. పిండివంట అంటే లోపల ఏముంటుందో తెలుసుకోవడానికి నాయన ఏమీ ఎరగనట్టు బంగళా వంటవాడి దగ్గరికి పోయాడు. అతను కైమా పెట్టి చేస్తాననీ, మీద పిండి మూత ఉండటంతో లోపల ఏముందో కోసేదాకా తెలియదనీ ఉత్సాహంగా చెప్పాడు. హంబుల్ రకం మాత్రం తానెప్పుడూ చేయలేదన్నాడు. నాయన ఇంటికి వచ్చి చొక్కాతోనే పడుకున్నాడు. అప్పుడు జేజి వ్యవహారం తన చేతిలోకి తీసుకుంది. ఆమె రెండో అర్థం పక్షం. దొరల శిక్షలు వింతగానే ఉంటాయనీ, తప్పు చేసినవాడి చేత నాణెం మింగించడం తాను విన్నదేననీ చెప్పింది. ఎక్కడ విన్నావని ఎవరూ అడగలేదు. నాయనకూ ఇది నచ్చింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రూపాయలు, అణాలు, పైలు అని గళ్లు కొట్టి రాసిన మనిషి, ఆయనకు పై అంటే ముందుగా గుర్తొచ్చేది ఆ మూడో గడి. పైగా అప్పటికి కొత్త పైసలు వచ్చి ఎంతో కాలం కాలేదు. పాతవి చెల్లకుండా పోయాయి గనక ఇట్లా మింగించి వదిలించుకుంటున్నారేమోనని కూడా ఆయనకు తోచింది.

జేజి తన వక్కాకు తిత్తి విప్పి, అడుగున ఉన్న పాత రాగి దమ్మిడీ, లెక్కల్లో పై అని రాసేది అదే, ఒకటి తీసి చింతపండుతో తోమి నాయన ముందు పెట్టింది. "దుడ్డు మింగితే మర్నాటికి బయటికొస్తాది నాయనా. మాంసం లోపలికి పోతే ఇంగ రాదు. దొర ఏం పెట్టినా ముందు ఇది మింగేసెయ్, పై తింటినని చెప్పు" అంది. మూడు రోజులు సాధన జరిగింది. మొదట అరటిపండు ముక్కలో చింతగింజ పెట్టి మింగాడు. రెండో రోజు రెండు చింతగింజలు. అమ్మ వీపు నిమురుతూ నిలబడేది, నేను నిఘంటువు పట్టుకుని నిలబడేదాన్ని, మధ్యమధ్యలో నాయన ఆ పేజీ మళ్లీ చూసుకునేవాడు. ఈ మూడు రోజుల్లో మా ఇంట్లో ఎవరి నోటా యేసోబు పేరు రాలేదు. అందరికీ నాయన నోట్లోకి ఏం పోతుందన్నదే దిగులు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వుతో పాటు సిగ్గూ వేస్తుంది.

ఆదివారం నాయన కోటు వేసుకుని బయలుదేరాడు. జేజి నన్ను వెంట పంపింది. ఒకవేళ దొర మాంసమే తినిపిస్తే వెంటనే నాయన నోట్లో పోయడానికి తులసాకులు వేసిన చెంబెడు బావినీళ్లు నా చేతికిచ్చింది. ఆ ఏడాది చెంబెడు బావినీళ్లంటే మాటలు కాదు. బంగళా వరండాలో బల్ల వేసి ఉంది. దొరసాని మర్యాదకు రెండు పళ్లేల్లో ఏదో గోధుమరంగు ముక్కలు పెట్టింది. అది కేకు అని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. నాయన ఆ ముక్కల్ని చూశాడు. దొర నోరు తెరిచేలోపల తాను సిద్ధంగా ఉన్నానని ఇంగ్లీషులో చెప్పి, జేబులోంచి దమ్మిడీ తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. అరటిపండు తేవడం మరిచిపోయాడు. దమ్మిడీ గొంతుకు అడ్డం పడింది. నాయన మొహం వంకాయ రంగుకు తిరిగింది. దొర లేచి వచ్చి వీపు మీద నాలుగు గుద్దాడు. దమ్మిడీ ఎగిరి కేకు ముక్కలో దిగబడింది.

దొరకు సంగతి అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. లోపలికి పోయి దొరసానికి చెప్పి ఆమెతో కలిసి మళ్లీ నవ్వాడు. తర్వాత బయటికి వచ్చి, తినడానికి ఏమీ లేదనీ, ఎవరిని దొంగ అన్నావో అతని దగ్గరికి పోయి తప్పు ఒప్పుకోవడమే ఆ మాటకు అర్థమనీ నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. అతను మంచివాడే. యేసోబుకు బిళ్ల ఇప్పించే కాగితం అప్పటికే రాసి పెట్టాడు, నువ్వు చెప్పి వచ్చాక సంతకం చేస్తానన్నాడు. నాయన తల వంచుకుని విన్నాడు. తలెత్తి, ఇంగ్లీషులో, ఎంతో వినయంగా, దాని బదులు ఆ మాంసం వంటకమే చేయించండి సార్, తింటాను అన్నాడు. దొర ఈసారి నవ్వలేదు.

యేసోబు ఇల్లు లైన్లకు అవతల, ఇంజను బూడిద పోసే గుట్ట పక్కన. ఆదివారం ఆ వేళకు అతను మందిరంలో ఉండాలి. ఇంటి ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. భార్య రెండు చేతులకూ గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. కరువు పనిలో నెలంతా కంకర కొట్టిన చేతులు. మమ్మల్ని చూసి యేసోబు అలవాటుగా లేచాడు. నాయన కోటు గుండీలన్నీ పెట్టుకున్నాడు. ఆయన ఏం చేయబోతున్నాడో నాకు తెలిసిపోయింది. 'ఐ బెగ్ టు టెండర్ మై అన్‌కండిషనల్ అపాలజీ' అని మొదలుపెట్టి, జరిగిన పొరపాటుకు చింతిస్తున్నానని, ఇకముందు జరగదని, అంతా ఇంగ్లీషులో, యేసోబు తల మీదుగా గుట్ట వైపు చూస్తూ అప్పజెప్పాడు. చివర యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ కూడా అన్నాడు.

యేసోబు అంతా విని నా వైపు తిరిగాడు. "ఏమంటాండాడు పాపా మీ నాయన?"

నాకు బడిలో నేర్పిన ఇంగ్లీషు ఏ పాటిదో దేవుడికి తెలుసు. ఆ మాటల్లో నాకు ఒక్కటీ రాదు. కానీ ఆయన ఏం చెప్పాలో నాకు తెలుసు. చెంబు రెండు చేతులతో పట్టుకుని, "తప్పు తనదేనంట. నువ్వు దొంగవు కాదంట. పెట్టె ఆయన కాళ్ల కిందనే ఉండెనంట" అన్నాను. ఆఖరి మాట నాయన ఇంగ్లీషులో లేదు. ఆయన నా వైపు ఒకసారి చూశాడు, కాదనలేదు. నేను చేసిన మొదటి అనువాదం అదే.

యేసోబు నాతో కాదు, నాయనతోనే మాట్లాడాడు. "మందిరంలో నెల నుంచి నన్ను పాట ఎత్తనీలేదు సామీ. దొంగనోటితో దేవుని పాట ఎట్లా పాడతావనిరి. నువ్వు ఆ మాట అనింది ఈడ కాదు, ప్లాట్‌ఫారం మింద. ఇంగిలీసులో అనలే, తెలుగులో అంటివి. ఈ మాట గూడా ఆడనే చెప్పు, అట్లే చెప్పు." గొంతు పెంచలేదు. నాయన సరేనని తలాడించాడు. తిరిగి వచ్చేటప్పుడు నా చేతిలోని చెంబు అడిగి తీసుకుని నీళ్లన్నీ తాగేశాడు.

మర్నాడు పొద్దున మద్రాసు బండి వచ్చి ఆగింది. నాయన కోటు లేకుండా డ్యూటీకి రావడం స్టేషను అదే మొదటిసారి చూసింది. పార్సిళ్లు తోసే బండి ఎక్కి నిలబడ్డాడు. నేను నీళ్ల బిందె పెట్టుకుని ఇంజను పక్కనే ఉన్నాను. "అందరూ వినండప్పా" అన్నాడు. "పోయిన నెల ఈడనే నేను యేసోబును దొంగ అంటిని. పెట్టె యాడికీ పోలే. నా కాళ్ల కింద నేనే పెట్టుకొని కూసుంటిని. తప్పు నాది. తప్పయింది యేసోబప్పా." ఆయన నోట యేసోబు పేరు చివర అప్పా అని రావడం నేను ఎన్నడూ వినలేదు. దిగబోతుంటే బళ్లారి వైపు హమాలీ ఒకతను తనకు తెలుగు సరిగా రాదనీ, దొంగ అన్న మాట మాత్రం తనకు అర్థమైందనీ, దీన్ని కూడా అర్థమయ్యేట్టు చెప్పమనీ కన్నడంలో అడిగాడు. నాయన వచ్చినంత కన్నడంలో మళ్లీ చెప్పాడు. దస్తగిరి అనే హమాలీ ఉరుదూ మాట్లాడే తమ వీధిలో కూడా తెలియాలి గదా అన్నాడు. నాయనకు ఉరుదూలో వచ్చింది రెండు మాటలు, గల్తీ, మాఫ్. వాటినే ముందుకూ వెనక్కూ తిప్పి నాలుగుసార్లు చెప్పాడు. ఆ సరికి రైలు కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఒక పెద్దాయన ఇదంతా పళ్లపొడి అమ్మేవాడి ఉపన్యాసం అనుకుని చెయ్యి బయటపెట్టి తనకొక పొట్లం ఇవ్వమన్నాడు. హమాలీలంతా ఒక్కసారిగా నవ్వారు, యేసోబు కూడా నవ్వాడు, తోపుడుబండి మీంచి దిగకుండానే నాయన కూడా నవ్వాడు. అంత నవ్వులో ఇజ్జతు సంగతి ఎవరికీ గుర్తులేదు.

యేసోబు చేతికి బిళ్ల తిరిగి వచ్చింది. ఆ వచ్చిన ఆదివారం నాయన వసారాలో గడ్డం గీసుకుంటుంటే లైన్ల అవతల నుంచి పాట వినిపించింది. కత్తి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. పాట అయిపోయేదాకా సబ్బునురగ ఆయన మొహం మీదే ఎండింది. అమ్మ లోపలి నుంచి నీళ్లు చల్లారిపోతున్నాయని కేకేసింది.

నేను ముప్పయ్యేళ్లు కాలేజీలో ఈ నుడికారం చెప్పాను. క్షమాపణ వేడుకొను అని రాసినవాళ్లకు ఒక మార్కు, వినయంగా మిఠాయి తిను అని రాసినవాళ్లకు నాయన మీది గౌరవంతో అర మార్కు. ఇప్పుడు ఎవరికీ ఇది కష్టమైన పాఠం కాదు. బస్సులో కాలు తొక్కి సారీ అంటారు, తొక్కకముందే కూడా అంటారు. ఆ మాట నేను రోజుకు ఇరవైసార్లు అంటాను, నోటికి ఏమీ తగలదు. ఒక్కచోట మాత్రం ఇంతవరకు అనలేకపోయాను. పరీక్ష హాల్లో ఓబుళమ్మ అనే ముదిగుబ్బ పిల్ల బల్ల కింద చీటీ దొరికితే, నలభైమంది ముందు ఆ పిల్లను దొంగ అన్నాను. పరీక్ష పోయింది, చదువు మానేసి ఇంటికి పోయి గొర్రెలు మేపుకుందని విన్నాను. ఆ చీటీ తనదని, వెనక బల్ల మీద కూర్చున్న అమ్మాయి కొన్నేళ్ల తర్వాత, తన పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చి, కాఫీ తాగుతూ నవ్వుతూ చెప్పింది. ఓబుళమ్మకు రెండుసార్లు ఉత్తరం రాశాను. చక్కగా కుదిరాయి. రెండూ ఇంగ్లీషులోనే వచ్చాయి, చింపేశాను. ముదిగుబ్బకు ఇక్కడి నుంచి ఎప్పుడూ బస్సు ఉంటుంది. నిన్న పొద్దున తయారై బస్టాండు దాకా పోయాను. బస్సు ఉంది, కిటికీ పక్కన సీటు కూడా ఖాళీగా ఉంది. అరకిలో వంకాయలు కొనుక్కుని ఇంటికి తిరిగి వచ్చాను.